ముందు చక్రాలకు కందెన

దీపావళి దాటినప్పటి నుంచి శ్రీవాణి కారు కిర్రుమంటోంది. నడిచేటప్పుడు ఏమీ లేదు. ఆపడానికి బ్రేకు మీద కాలు పెట్టగానే ముందు చక్రాల దగ్గర పలక మీద గోరుతో గీసినట్టు సన్నగా ఒక కూత. పొద్దున సందు మలుపు దగ్గర ఒకసారి, డ్యూటీ నుంచి వచ్చి గేటు ముందు ఆపేటప్పుడు ఒకసారి, వీధి వీధంతా వినిపించేది.

"ఏమయ్యా, ఆ చప్పుడేందో జర చూపియ్యరాదా?" అని భర్త మల్లేశ్‌ను అడిగింది.

అవి వరి కోతల రోజులు. కోత మిషను ఎవరి పొలంలో పని అయితే అటునుంచి అటే ఇంకొకరి పొలానికి పోతుంది. దాని కోసం మల్లేశ్ అన్నం కూడా గట్టు మీదే తింటున్నాడు.

"ఐతారం చూపిద్దం తీయ్. పాత బండన్నంక గా మాత్రం అరవదా?" అన్నాడు.

శ్రీవాణి కూడా సరేననుకుంది. వనపర్తి దవాఖానలో ఆమె స్టాఫ్ నర్సు. రోజూ వార్డులో ఇంతకంటే పెద్ద మూలుగులు వింటుంది.

వాళ్ల ఊరు వీపనగండ్ల పక్కన. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమె వనపర్తిలో ఒక గది అద్దెకు తీసుకొని ఉండేది. ఉదయం డ్యూటీకి ఊరి నుంచి మొదటి బస్సు అందదు. సాయంత్రం డ్యూటీ అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేది. కూతురు శ్రుతి నాయనమ్మ తిమ్మమ్మ దగ్గరే తినేది, ఆమె పక్కనే పడుకునేది. తల్లి వచ్చిన రోజు కాసేపు తలుపు చాటున నిలబడి చూసి, కొత్త తగ్గాక దగ్గరికి వచ్చేది. అప్పటికి మళ్లీ బస్సు వేళయ్యేది.

కారు కొనమని పట్టుబట్టింది తిమ్మమ్మే.

"బిడ్డ తల్లి పక్కన పండుకోవాలె. నేనెన్ని కథలు చెప్పినా అది నిద్రల అమ్మా అనే అంటది," అంది కొడుకుతో.

"పెబ్బేరు దాటినంక హైవే ఉంటది అమ్మా. లారీలు ఎట్ల పోతయో నీకు తెల్వదు. వాణికి ఇప్పుడు కారు నేర్పాల్నా?"

"నువ్వు ట్రాక్టర్ నేర్చినప్పుడు పక్కింటి రాజన్న చేనుకు పాతించిన రాతి కడీలన్నీ కూలగొట్టినవ్. నిన్నేమన్న బంద్ చేసినమా?"

అలా ఇద్దరు యజమానులను చూసిన ఒక తెల్లటి చిన్న కారు వాళ్ల గేటు ముందుకు వచ్చింది. దాని చక్రాల మూతలు ఎప్పుడో ఊడిపోయాయి. ఇనుప చక్రాల గుండ్రటి రంధ్రాలు పైకే కనిపిస్తాయి. శ్రీవాణి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, వనపర్తి గది ఖాళీ చేసింది. ఇప్పుడు శ్రుతి ఒక కాలు తల్లి మీద, ఒక కాలు నాయనమ్మ మీద వేసి పడుకుంటోంది.

మల్లేశ్ చెప్పిన ఆదివారం వచ్చింది. తెల్లవారకముందే కోత మిషను వాళ్ల పొలానికి వచ్చింది. మల్లేశ్ వెళ్లిపోయాడు. ముందు రోజు రాత్రి డ్యూటీ చేసి వచ్చిన శ్రీవాణి, తిని పడుకుంది. శ్రుతి పక్కింటి పిల్లలతో ఆటకు పోయింది.

తిమ్మమ్మ వాకిట్లో కూర్చొని కారు వైపు చూసింది.

ఆమె పుట్టిల్లు గద్వాల దాటాక ఐజ దగ్గర. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఇక్కడ ఎడ్లబండి ఉండేది. దానికి కందెన పెట్టే పని చాలా ఏళ్లు ఆమె చేతిదే. ఇరుసు కిర్రుమంటే ఎద్దులకు బరువు రెట్టింపు అవుతుందని మామ అనేవాడు. సంతకు పోయే ముందు రోజు తిమ్మమ్మ గుప్పెడు వరిగడ్డి కాల్చి, మసిని మెత్తగా నలిపి, అందులో ఆముదం పోసి, నల్లగా చిక్కగా చేసేది. బండి చక్రాన్ని జరిపి ఇరుసుకు పట్టించేది. మర్నాడు బండి చప్పుడు లేకుండా పోతుంటే వెనక నుంచి చూసేది. ఆ చూడటం ఆమెకు ఇష్టం.

ఎద్దులు పోయాయి, బండి పోయింది. ఆముదం మాత్రం ఉంది. మెట్ట చెలకలో ఇప్పటికీ నాలుగు సాళ్లు ఆముదాలు వేస్తారు. గింజలు దంచి, ఉడకబెట్టి నూనె తీసి, శ్రుతి తలకు ఆమే పెడుతుంది.

తిమ్మమ్మ పెరట్లో గడ్డి కాల్చింది. పగిలిన చిప్పలో కందెన కలిపింది. పుల్లకు గుడ్డపీలిక చుట్టుకొని ముందు చక్రం దగ్గర కూలబడింది. రంధ్రాల్లోంచి చూస్తే లోపల ఇనుప పళ్లెం ఒకటి, తోమి బోర్లించినట్టు తళతళా మెరుస్తోంది. వేలు పెట్టి చూసింది. పొడిపొడిగా ఉంది. ఒక్క చుక్క నూనె లేదు.

"ఎండిపోయింది పాపం. అరవక ఏం జేస్తది?" అనుకుంది.

ఒక్కో రంధ్రంలోంచి పుల్ల దూర్చి, అందినంత మేర ఆ పళ్లానికి కందెన పట్టించింది. అటు పక్క ముందు చక్రానికీ అంతే. తర్వాత నడుము పట్టుకొని లేచి వెనక చక్రాల దగ్గరికి పోయింది. అక్కడ పళ్లెం లేదు. వంట గంజును బోర్లించినట్టు నల్లటి ఇనుప మూత ఉంది. చుట్టూ తడిమినా సందు దొరకలేదు. ఎట్లాగూ అరిచేవి ముందువే కదా అని వదిలేసింది.

కోడలు లేచాక చెబుదామనుకుంది. లేచేసరికి శ్రుతి మోకాలు కొట్టుకొని ఏడుస్తూ వచ్చింది. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

మర్నాడు శ్రీవాణికి ఉదయం డ్యూటీ. కారు వీధిలోకి తీసింది. తిమ్మమ్మ గేటు పట్టుకొని సందు మలుపు దాకా చూసింది. మలుపు దగ్గర కూత లేదు. ఆమె ముఖం విప్పారింది.

లోపల శ్రీవాణి కూడా గమనించింది. మల్లేశ్ ఎప్పుడో చూపించి ఉంటాడనుకుంది. బ్రేకు కొంచెం జారినట్టు అనిపించింది కానీ, సందులో ఆమె ఎప్పుడూ నడక వేగంతోనే పోతుంది. మంచు పడి చక్రాలు తడిశాయేమో అనుకుంది.

ఊరి రోడ్డు పెద్దరోడ్డును కలిసే ముందు ఒక పల్లం ఉంది. దిగేటప్పుడు ఎడమ పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కింద పెద్దరోడ్డు మీద బస్సు వస్తోంది. శ్రీవాణి బ్రేకు తొక్కింది.

కాలి కింద బ్రేకు గట్టిగానే ఉంది. బండే ఆగడం లేదు.

ఇంకా గట్టిగా తొక్కింది. సీటులోంచి లేచి నిలబడ్డట్టు తొక్కింది. వెనక ఏదో పట్టుకున్నట్టు ఉంది కానీ ముందు భాగం నున్నగా జారిపోతూనే ఉంది. బస్సు హారన్ కొట్టింది. ఆమె హ్యాండ్‌బ్రేకు పట్టుకొని పైకి లాగింది. వెనక టైర్లు కీచుమన్నాయి. స్టీరింగు ఎడమకు తిప్పింది. కారు వడ్లలోకి దూసుకుపోయి, ముక్కు ముందు ఒక కుప్ప చేసుకొని ఆగింది.

బస్సు వెళ్లిపోయింది.

వడ్లకు కాపలా ఉన్న శంకరమ్మ చేతిలోని గంప పారేసి పరుగెత్తుకొచ్చింది. "కండ్లు యాడ బెట్టుకున్నవమ్మా! ఇంత రోడ్డుండంగ మా వడ్లే దొరికినయా నీకు?" అని అరుస్తూ వచ్చి, అద్దంలోంచి శ్రీవాణి ముఖం చూసి ఆగిపోయింది. తలుపు తీసింది. "అయ్యో, తిమ్మక్క కోడలువా? దిగు బిడ్డా. జర నీళ్లు తాగు. వడ్లదేముంది, మళ్ల పరుచుకుంట."

శ్రీవాణి నీళ్లు తాగింది. దవాఖానకు ఫోన్ చేసి డ్యూటీ మార్చుకుంది. తర్వాత మల్లేశ్‌కు చేసింది.

మల్లేశ్ పొలం నుంచి బైకు మీద వచ్చాడు. చొక్కా నిండా వరి నుసి. ముందు ఆమె చేతులు, తల తడిమి చూశాడు. ఎక్కడా ఏమీ లేదని తెలిశాకే కోపం వచ్చింది.

"బ్రేకు తొక్కినవా, క్లచ్చి తొక్కినవా?"

"బ్రేకే తొక్కిన."

"తొక్కితే ఆగాలె గద!"

"నేను గూడ అదే అంటున్న."

"ఇగ చాలు వాణీ. నాకు గుండె ఆగినట్టయింది. ఈ కారు అమ్మేద్దం. నువ్వు మళ్ల వనపర్తిల రూము తీస్కో. వారానికోపారి వచ్చినా మనిషివి మంచిగుంటవ్."

శ్రీవాణి వడ్ల పక్కన కూర్చుంది. పొద్దున లేచేసరికి తన మీద ఉన్న శ్రుతి కాలు గుర్తొచ్చింది. దాన్ని నిద్ర చెడకుండా పక్కకు జరపడం ఈ ఆరు నెలల్లోనే నేర్చుకుంది. మళ్లీ ఆ గది, ఆ ఒంటరి మంచం తలుచుకుంటే ఇందాక కారులో కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

మెకానిక్ దానియేలు సామాన్ల సంచీతో వచ్చాడు. వడ్లు పక్కకు నెట్టి, జాకీ పెట్టి, ముందు చక్రం విప్పాడు. విప్పి అట్లాగే కూర్చున్నాడు.

"మల్లేశన్నా, దోశ పెనానికి నూనె రాసినట్టు రాసిండ్రు గదన్నా!"

తళతళలాడాల్సిన డిస్కు నల్లగా జిడ్డోడుతోంది. దాన్ని పట్టుకునే ప్యాడ్లకూ అదే నలుపు. రెండో పక్క విప్పితే అక్కడా అంతే.

"ఇది లీకేజీ గాదక్కా. ఎవరో కావాల్నని పూసిండ్రు."

మల్లేశ్ ముఖం ఎర్రబడింది. "పక్క పొలం సోమయ్యే. గట్టు లొల్లి మనసుల పెట్టుకొని ఇంత పని చేసిండు. వాని సంగతి ఇయ్యాల చూస్త. ముందుగాల పోలీస్ స్టేషన్‌కు పోత," అంటూ బైకు ఎక్కాడు.

శ్రీవాణి డిస్కు మీద వేలు రాసి వాసన చూసింది. ఆముదం. కాలిన గడ్డి. రోజూ సాయంత్రం శ్రుతి జడ విప్పితే వచ్చే వాసన ఇందులో సగం. మిగతా సగం కూడా ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో బండి ఇంకా ఉండేది.

వెళ్లి బైకు తాళంచెవి తీసేసింది.

"ఏందే నువ్వు!"

"ఆగు. ముందు దీని వాసన చూడు."

మల్లేశ్ విసుక్కుంటూనే ఆమె వేలి మీదికి వంగాడు. మళ్లీ వంగి చూశాడు. బైకు దిగాడు. సోమయ్య మీద లేచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుంది.

"అమ్మ..." అన్నాడు. "కందెన గద ఇది!"

దానియేలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి సంచీలో స్పానరు వెతుక్కున్నాడు.

"నవ్వు గానీ దానియేలూ, నాకు ఇది మంచిగ చెప్పు," అంది శ్రీవాణి. "ముందటి బ్రేకు ఎట్ల పని చేస్తది, వెనకది ఎట్ల పని చేస్తది. ఇంటికి పోయి నేను చెప్పాలె."

"మీ దవాఖానకొస్తే సూది ఎందుకు గుచ్చుతున్నవో నాకు ఎన్నడన్న చెప్పినవా అక్కా?"

"ఈసారి వస్తే చెప్త. చెప్పకుంట రెండు గుచ్చుత."

దానియేలు డిస్కును చేత్తో తిప్పాడు. "ఇది చక్రంతోటి తిరుగుతది. నువ్వు బ్రేకు తొక్కితే ఈ రెండు ప్యాడ్లు అటు ఇటు నుంచి గట్టిగ ఒత్తుతయ్. బొటనవేలు, చూపుడువేలు మధ్యల పళ్లెం పట్టుకున్నట్టు. గాలి తగలాలె, వేడి పోవాలె అని బయటికే పెట్టిండ్రు. ముందుకు పోయే బండి ఆపితే బరువంత ముందటికే వస్తది గద, అందుకే ఎక్కువ పని దీనిదే."

వెనక చక్రం కూడా విప్పి డ్రమ్ము ఊడదీశాడు. లోపల రెండు వంకర ముక్కలు, పొడి పొడి దుమ్ము. "ఇవి షూలు. తొక్కితే ఎడంగ జరిగి లోపలి నుంచి ఈ డ్రమ్ము గోడకు ఆనుకుంటయ్. నువ్వు గుంజిన హ్యాండ్‌బ్రేకు తీగ గూడ వీటికే పోతది. ఇవి మూసి ఉన్నయ్ కాబట్టి చుక్క జిడ్డు తగల్లే. ముందటివి జారినా ఇవి పట్టినయ్. లేకపోతే..." అని ఆగి, మల్లేశ్ వైపు చూసి, మాట మార్చాడు. "మరి గా కిర్రుమనుడు ఎన్ని దినాల సంది ఉండె అన్నా?"

"ఉండె కొన్ని దినాల సంది."

దానియేలు అరిగిపోయిన ప్యాడు పైకెత్తి, దాని పక్కనున్న చిన్న రేకు ముక్క చూపించాడు. "ప్యాడు అరిగినంక గీ రేకు డిస్కును గీకుతది. అరవనీకే పెట్టిండ్రు దీన్ని. నన్ను మార్చుండ్రి అని చెప్తది."

మల్లేశ్ చొక్కా మీది వరి నుసి ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

దానియేలు పెబ్బేరు పోయి కొత్త ప్యాడ్లు తెచ్చాడు. నూనె పీల్చిన పాతవి ఇక పనికిరావన్నాడు. డిస్కులు మందు కొట్టి కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు. అంతసేపూ శ్రీవాణి, మల్లేశ్ శంకరమ్మ వడ్లను మళ్లీ పరిచి ఆరబోశారు.

"అమ్మకు నేను చెప్త," అన్నాడు మల్లేశ్.

"నువ్వొద్దు. నువ్వు చెప్తే అరిచినట్టుంటది. నేనే చెప్త."

"చెప్పుడే వద్దు అయితే. ఊకుందం."

"ఊకుంటే, ఇంకోపారి చప్పుడొస్తే మళ్ల పెడ్తది."

వాళ్లు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తిమ్మమ్మ గేటు దగ్గరికి ఎదురొచ్చింది.

"ఇయ్యాల తొందరగొచ్చినవ్ బిడ్డా. చప్పుడు పోయింది గద?" ఆమె ముఖంలో చిన్నపిల్ల దాచుకునేలాంటి సంతోషం ఉంది. "నేనే. నిన్న నువ్వు పండుకున్నప్పుడు కందెన పెట్టిన. ఎంత ఎండిపోయిందో తెల్సా, ఒక్క చుక్క నూనె లేదు. మీకేమో తీరదు."

మల్లేశ్ లోపలికి వెళ్లిపోయాడు. శ్రీవాణి చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, "ఆకలైతుంది అత్తమ్మా" అంది.

తిన్నాక ఖాళీ కంచం కడిగి తెచ్చింది. వంటింట్లో అత్త ఎదురుగా కూర్చొని కంచాన్ని నేల మీద నిలబెట్టి బొంగరంలా తిప్పింది. రెండు వేళ్లతో పట్టుకుంటే ఆగింది.

"ముందు చక్రంల నువ్వు చూసిన పళ్లెం ఇట్లాంటిది. బండి ఆగాలంటే దీన్ని గట్టిగ పట్టుకోవాలె." వేళ్లకు ఆముదం రాసుకొని మళ్లీ తిప్పింది. పట్టుకోబోతే కంచం జారి, తిరుగుతూ పోయి గోడకు కొట్టుకొని పడింది.

తిమ్మమ్మ పడిన కంచం వైపు చూసింది. "చక్రమంటె తిరగాలె గదనే. ఆపేది ఎద్దులు గద. పగ్గం గుంజితే అవే ఆగుతయ్."

"ఎద్దులు లేవు అత్తమ్మా. ఈ బండిని చక్రమే ఆపాలె."

శ్రీవాణి గంజు పక్కకు వాల్చి వెనక బ్రేకు కూడా చెప్పింది. లోపల చేతులు పెట్టి ఎడంగా జరిపి గోడలకు ఆనించి చూపించింది. తిమ్మమ్మ వింటోంది కానీ ఆమె చూపు ఇంకా కంచం మీదే ఉంది.

"అయితే పొద్దుగాల..."

"ఆగింది. వెనకవి పట్టుకున్నయ్. నాకేం కాలే, చూడు."

తిమ్మమ్మ పడిన కంచం తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత చిన్న గొంతుతో అంది: "వాటికి గూడ పూద్దామనుకున్న బిడ్డా. సందు దొరకలే."

లేచి పెరట్లోకి పోయింది. కోడలు వెళ్లి చూసేసరికి తొట్టి దగ్గర బూడిదతో చేతులు తోముకుంటోంది. తోమి కడిగి, మళ్లీ బూడిద తీసుకుంటోంది.

సాయంత్రం శ్రుతి దువ్వెన తెచ్చి నాయనమ్మ ఒళ్లో కూర్చోబోతే, "మీ అమ్మతోని పెట్టిచ్చుకో పో" అంది. ఎన్నడూ అనని మాటకు పిల్ల బిక్కమొహం వేసింది. దీపాల వేళకు శ్రీవాణి పాత సంచీ బయట కనిపించింది. అందులో దుప్పటి, పచ్చడి సీసా, మడత పెట్టిన రెండు చీరలు ఉన్నాయి.

"ఇదేంది అత్తమ్మా?"

"వనపర్తికి పో. ఆ రూముల ఉండు. శ్రుతిని నేను చూస్కుంట."

"అమ్మా, నువ్వు తెల్వక..." అని మల్లేశ్ మొదలుపెట్టాడు.

"బ్యాడ. బ్యాడ నాయనా." కంగారు పుడితే తిమ్మమ్మకు పుట్టింటి దిక్కు కన్నడం వస్తుంది. వద్దు అనడానికి ఆమెకు అంతకంటే గట్టి మాట లేదు. "రోజు ఇంటికి రావాలె అన్నది నేను. కారు కొనియ్యమన్నది నేను. నేనే సంపుకుంటుంటి. రేపు ఇంకేం చేస్తనో నాకేం తెల్సు? దూరముంటే పానమన్న ఉంటది."

పొద్దున ఇదే మాట తనే అన్న మల్లేశ్ నేలచూపులు చూశాడు. "చప్పుడు నేను గూడ ఇన్న అమ్మా. ఐతారం ఐతారం అన్నది నేను. తప్పు నాది."

"అందరం ఇన్నం," అంది శ్రీవాణి. "ఏదో ఒకటి చెయ్యాలె అని లేచింది నువ్వు ఒక్కదానివే."

తిమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమెకు మాటలు ఎక్కడం లేదు. శ్రీవాణికి అది అర్థమైంది. వార్డులో కూడా కొందరికి అంతే. ఎంత చెప్పినా వినరు. చెయ్యి పట్టుకొని నాలుగు అడుగులు నడిపిస్తే నమ్ముతారు.

"సరే, పోత," అంది. "పొద్దుగాల నువ్వు నాతోని కారుల కూర్చో. ముందు సీట్ల. నీ కండ్లతోని చూడు. చూసినంక గూడ పొమ్మంటే ఆ సంచి పట్టుకొని ఆడి నుంచి ఆడికే పోత."

మర్నాడు పొద్దున తిమ్మమ్మ గట్టి చీర కట్టుకొని వచ్చింది. ఎప్పుడూ శ్రుతితో వెనక కూర్చునే మనిషి. బెల్టు పెడుతుంటే, "గింత గట్టిగ కట్టేస్తున్నవేందే, పారిపోతననా?" అంది. ఆ మాత్రం మాట వచ్చినందుకే శ్రీవాణికి ఊపిరి ఆడింది. సంచీ వెనక సీట్లో ఉంది.

సందు మలుపు దగ్గర బ్రేకు తొక్కింది. కారు ఆగింది. ఊరి బయట తొక్కింది. ఆగింది. పల్లం మొదట్లోకి వచ్చేసరికి అత్త చెయ్యి తలుపు మీది పిడిని బిగించి పట్టుకుంది. కారు పల్లంలోకి దిగింది. సగంలో శ్రీవాణి బ్రేకు మీద కాలు పెట్టింది. ముందు భాగం కాస్త వంగి, కారు పూర్తిగా ఆగింది.

"ఇంకోపారి," అంది తిమ్మమ్మ.

వెనక్కి వెళ్లి మళ్లీ దిగారు. మళ్లీ ఆగింది.

"నేను దిగి చూస్త. నువ్వు ఇంకోపారి రా."

తిమ్మమ్మ రోడ్డు పక్కన, గట్టు మీద నిలబడింది. శ్రీవాణి మళ్లీ పల్లం దిగింది. అత్త ముఖం చూడకుండా రోడ్డునే చూసింది. తన ఇల్లు ఇప్పుడు ఈ కాలి కింద ఉందనిపించింది. నిదానంగా, తడబడకుండా తొక్కింది. కారు సరిగ్గా తిమ్మమ్మ ఎదురుగా ఆగింది.

తిమ్మమ్మ వంగి ముందు చక్రం రంధ్రాల్లోంచి చూసింది. అరచెయ్యి దగ్గరగా పెట్టి, చటుక్కున తీసేసింది.

"కాలుతుంది!"

"పట్టుకున్నది గద అత్తమ్మా. గట్టిగ పట్టుకుంటే కాలుతది."

"ఎవ్వరన్న గింత వేడి పట్టుకుంటరా?" అంది తిమ్మమ్మ, దాని మీద జాలి పడుతున్నట్టు. వెనక చక్రం దగ్గరికి పోయి అక్కడ కూడా చెయ్యి పెట్టింది. "ఇది గోరువెచ్చగనే ఉంది. దీనికి పని తక్కువ."

"తక్కువే. ముందటివి జారిన దినం మొత్తం ఇదే చేసింది."

తిమ్మమ్మ వచ్చి సీట్లో కూర్చుంది. కారు ఇంకా వాలులోనే ఉంది. ఇద్దరి మధ్యా ఉన్న హ్యాండ్‌బ్రేకు పిడి చూసి, "నువ్వు గుంజింది ఇదేనా?" అని అడిగింది.

"అదే. గుంజు."

"నేనా?"

"గుంజు, ఏం కాదు."

తిమ్మమ్మ రెండు చేతులతో పట్టుకొని పగ్గం లాగినట్టు లాగింది. టకటకమని శబ్దం వచ్చింది. శ్రీవాణి గేరు న్యూట్రల్‌కు తీసి, బ్రేకు మీది కాలు మెల్లగా ఎత్తి, కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుంది. ఒక్క క్షణం తిమ్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. కారు కదల్లేదు. వాలులో, ఇంజను నడుస్తుండగా, అట్లాగే నిలబడింది.

"నువ్వు తొక్కుతలేవా?"

"లేదు. నా కాళ్లు చూడు. ఇప్పుడు బండిని పట్టింది నువ్వే."

తిమ్మమ్మ కళ్లు తెరిచి కోడలి కాళ్లు చూసింది, ముందున్న పల్లం చూసింది, తన చేతులు చూసుకుంది. ఆ చేతుల వేళ్ల సందుల్లో నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. పక్క నుంచి గొర్రెల మంద ఒకటి కారును పాయలుగా చీలి దాటుకొని పోయింది.

"ఇయ్యాల డ్యూటీ ఏ పొద్దుది?" అంది చివరికి తిమ్మమ్మ.

"మధ్యాహ్నంది. ఎనిమిదింటికి అయితది. ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతది."

"ఉరకకు. నిమ్మలంగ రా. నువ్వొచ్చినంకనే రొట్టె చేస్త, సల్లారితే నువ్వు తినవు." ఆగి, మెడ తిప్పి వెనక సీటు వైపు చూసింది. "ఆ సంచిల పచ్చడి సీస ఉంది. ఇంటికి పోంగనే తీసి పెట్టు, ఉప్పు తక్కువైంది, కలుపుకోవాలె."